రెండు శ్రావణాలు

ఆషాఢ శుద్ధ విదియ

ఉదయం పోటు ఆరుంబావుకి వచ్చింది. పన్నెండు తూములూ వేళకి మూసుకున్నాయి. కన్సోల్ మీద పేరుకున్న ఉప్పు తడిగుడ్డతో తుడిచి, తరలింపు పని మొదలుపెట్టాను.

ఈ పుస్తకం రాయమన్నది మా సూపరింటెండెంట్ గున్నేశ్వరరావుగారు. "యంత్రం సంగతి యంత్రం రాసుకుంటుంది. నువ్వేం చేశావో నువ్వు రాసి పెట్టుకో రత్నం. రేపెవడైనా ఇలా ఎందుకు చేశావని అడిగితే చూపించడానికి కాగితం ఉండాలా వద్దా?" అన్నారు. నా పూర్తి పేరు నూకరత్నం. ఎదురుగట్టు తూముల కచేరీలో ప్రోగ్రామర్‌ని. పదకొండేళ్ల కింద నాకీ పని నేర్పింది ఆయనే.

మా ఊరు సముద్రమట్టానికి ఆరడుగుల కింద ఉంది. గట్టు కట్టి అరవై నాలుగేళ్లయింది. పోటు రాకముందే తూములు మూయాలి. నీరు తీశాక తెరిచి, ఊళ్లో చేరిన నీళ్లు బయటికి వదలాలి. ఆ పని చేసే ప్రోగ్రాంలో మొదటినుంచీ జరిగిన ప్రతి మార్పూ పాత దస్త్రంలో ఉంది. ఏ వరుస మారింది, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు. మొత్తం 61,208 మార్పులు. ఆ దస్త్రం ఉండి, తూముల్ని నడిపే యంత్రానికి విడిభాగాలు దొరకడం లేదు. నాలుగు డిస్కుల్లో రెండే తిరుగుతున్నాయి. ఆషాఢ అమావాస్య పెద్ద పోటులోగా అంతా కొత్త దస్త్రంలోకి చేరాలి.

కొత్త దస్త్రానికి ఒక పద్ధతుంది. ప్రతి మార్పుకీ, దానికి ముందున్న మార్పుని బట్టి లెక్కగట్టిన ముద్ర పడుతుంది. మొత్తం చేరాక సూపరింటెండెంటు సంతకంతో ఆ ముద్రలు ఖాయమవుతాయి. తర్వాత మధ్యలో ఒక్క అక్షరం దిద్దినా, అక్కణ్నుంచి చివరిదాకా ముద్రలన్నీ చెల్లకుండా పోతాయి. అంటే చేర్చేటప్పుడు ఎలా ఉంటే ఎప్పటికీ అలాగే.

ఇవాళ 4,300 చేరాయి.

ఆషాఢ శుద్ధ పంచమి

22,000 దాటాక ఆగిపోయింది. ముప్పై ఏడు మార్పుల్ని కొత్త దస్త్రం తీసుకోనంది. వాటికి పేరు లేదు, తిథి లేదు. వాటి వెనకే కొత్త ఏడు ఉగాది మార్పులున్నాయి కాబట్టి అన్నీ గట్టు కట్టిన ముప్పై ఒకటో ఏడు, ఫాల్గుణంలో జరిగినవి.

ముప్పై ఒకటో ఏడంటే ఈ ఊళ్లో ఎవరికీ వివరం చెప్పక్కర్లేదు. ఆ ఏడు భాద్రపద అమావాస్య నాడు ఏడో తూము ఆలస్యంగా మూసుకుంది. తూర్పుగాలి తోడై పోటు లోపలికొచ్చేసింది. దిగువపేటలో తొమ్మిది ఇళ్లలో తొమ్మిదిమంది పోయారు. పోటు రావడానికి నలభై ఒక్క నిమిషాల ముందు కదలవలసిన తలుపు పద్నాలుగు నిమిషాల ముందు కదిలింది. ఎవరో 41 కొట్టబోయి 14 కొట్టారు. తర్వాత జరిగిన విచారణలో, అది కొట్టింది మరిడమ్మ అనే ప్రోగ్రామరని తేలింది. ఆవిణ్ణి పనిలోంచి తీసేశారు. ముందే హెచ్చరిక రాసి పెట్టినందుకు గున్నేశ్వరరావుగారిని మెచ్చుకుని, ఏడాది తిరక్కుండానే సూపరింటెండెంటుని చేశారు. మాకు బళ్లో చెప్పింది ఇదే.

పేరు లేని మార్పుల గురించి మధ్యాహ్నం ఆయన్ని అడిగాను. ఆయన డాబా మీద తోటకూర మళ్లకి నీళ్లు పెడుతున్నారు.

"ఆ ఏడూ మరుసటేడూ వాడిన యంత్రం పేర్లు రాసుకునేది కాదమ్మా. మొదలెట్టిన క్షణం నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో అది ఒక్కటే రాసేది. విచారణకి పేర్లు కావాలన్నారు. బయటినుంచి ఒకణ్ణి పిలిపించారు. వాడు సెకన్లని తిథులు చేశాడు. ఏ తిథికి ఎవరు డ్యూటీయో పుస్తకంలో చూసి పేర్లు అతికించాడు. తొమ్మిది రోజుల్లో ఇచ్చేసి పోయాడు."

"మరి ఫాల్గుణం ఎందుకు వదిలేశాడండి?"

"ఏమో. ఆ నెల డ్యూటీ నాదే అనుకుంటా. డ్యూటీ పుస్తకం అటక మీదుంటుంది, చూసుకుని నా పేరు వేసేయ్."

ఆషాఢ శుద్ధ అష్టమి

రెండు రోజులు వాన. అటక మీద పుస్తకాలు దించి, తడవనివాటిని వేరుచేసేసరికి ఇంతయింది.

ముప్పై ఒకటో ఏడు డ్యూటీ పుస్తకం బాగానే ఉంది. అప్పట్లో కన్సోల్ దగ్గర ఇద్దరే. ఒక నెల గున్నేశ్వరరావుగారు, ఒక నెల మరిడమ్మ. ఫాల్గుణం నిజంగానే ఆయనది. ముప్పై ఏడు మార్పులకీ ఆయన పేరు వేసి పుస్తకం మూయబోయాను.

అలవాటుకొద్దీ నెలలు లెక్కపెట్టాను. పదమూడు పేజీలున్నాయి.

మళ్లీ మొదటినుంచి తిప్పాను. ఆషాఢం తర్వాత 'అ. శ్రావణం' అని ఒక పేజీ. దాని తర్వాత 'శ్రావణం' అని ఇంకొకటి. ఆ ఏడు అధికమాసం వచ్చింది.

ఇందులో వింతేమీ లేదు. మూడేళ్లకోసారి అధికమాసం వస్తూనే ఉంటుంది. చంద్రుణ్ణి బట్టి పోటు, పోటుని బట్టి మా పని. అందుకే మేం అన్నీ తిథుల్లో రాసుకుంటాం. అధికమాసం సంగతి ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. బయటినుంచి వచ్చినవాడికి తెలియకపోవచ్చు. అతనిచ్చిన పేర్లని విచారణలో ఎవరూ మళ్లీ లెక్కేసి చూడలేదు కాబోలు.

అతను నెలల్ని వరసగా పన్నెండే లెక్కపెట్టాడు. అధిక శ్రావణాన్ని శ్రావణం అన్నాడు. అసలు శ్రావణాన్ని భాద్రపదం అన్నాడు. అలా ఒక్కో నెలా ముందుకి జరిగిపోయి, చివర్న ఫాల్గుణానికి పేరు మిగల్లేదు. అందుకే ఖాళీ వదిలేశాడు. మళ్లీ ఉగాది నుంచి కొత్తగా లెక్క మొదలుపెట్టాడు.

ఒక నెల ఆయన, ఒక నెల ఆవిడ. నెల తప్పితే పేరు తప్పినట్టే.

ఆషాఢ శుద్ధ నవమి

ఉదయం పోటు అయ్యాక కూర్చున్నాను. సెకన్ల నుంచి తిథుల్ని కొత్త దస్త్రం చేత మళ్లీ కట్టించాను. దాని పంచాంగంలో అధికమాసాలున్నాయి. అధిక శ్రావణం నుంచి మాఘం దాకా 418 మార్పులు. అన్నిటికీ పేర్లు తారుమారయ్యాయి. మూడుసార్లు కట్టించాను. మూడుసార్లూ అదే వచ్చింది.

అందులో రెండు ఇక్కడ రాసిపెడుతున్నాను.

మొదటిది. పాత దస్త్రంలో 'శ్రావణ శుద్ధ దశమి, మరిడమ్మ' అని ఉంది. అసలు అది అధిక శ్రావణ శుద్ధ దశమి. డ్యూటీ గున్నేశ్వరరావుగారిది. కారణం దగ్గర "ఎనిమిదో తూముకి రబ్బరు మార్చాం, మూసే వేళల పట్టిక మళ్లీ కొట్టాను" అని రాసుంది. ఎనిమిదో తూము అంకె సరిగ్గానే మారింది. దానిపైన ఏడో తూము వరుసలో 41 పోయి 14 వచ్చింది.

రెండోది. పాత దస్త్రంలో 'భాద్రపద బహుళ తదియ, గున్నేశ్వరరావు' అని ఉంది. అసలు అది శ్రావణ బహుళ తదియ. డ్యూటీ మరిడమ్మది. ప్రోగ్రాంలో మార్పేమీ లేదు, మాట మాత్రమే ఉంది. "ఏడో తూము బద్ధకిస్తోంది. రెండు పోట్లు చూశాను, ఆలస్యంగా మూసుకుంటోంది. పెద్ద పోటు రాకముందే వచ్చే నెల డ్యూటీవాళ్లు పట్టిక చూడాలి."

వచ్చే నెల డ్యూటీ గున్నేశ్వరరావుగారిది.

కిందికి దిగి మంచినీళ్లు తాగి వచ్చాను. తర్వాత సాయంత్రం పోటు దాకా ఏ పనీ చేయలేదు.

ఆషాఢ శుద్ధ ఏకాదశి

మరిడమ్మగారు బతికే ఉన్నారు. దిగువపేటలోనే ఉంటున్నారు. గట్టు వెంబడి నాచు ఆరబెట్టే పని. నేను ఆవిణ్ణి ఎన్నోసార్లు చూశాను గానీ ఎప్పుడూ మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడరు. నీళ్ల పంపు దగ్గర ఆవిడ వస్తే ఆడవాళ్లు బిందె తీసుకుని పక్కకి జరుగుతారు. నేనూ జరిగాను ఒకసారి.

నేను వెళ్లేసరికి ఆవిడ తాళ్ల మీద నాచు తిరగేస్తున్నారు. అరవై ఆరేళ్లుంటాయి. సన్నగా, నిటారుగా ఉన్నారు.

"తూముల కచేరీ నుంచి వచ్చానండి. నా పేరు నూకరత్నం" అన్నాను.

ఆవిడ చేతిలో పని ఆపలేదు. "కచేరీతో నాకు పనేవీ లేదమ్మా."

"ముప్పై ఒకటో ఏడు మార్పుల గురించండి."

అప్పుడు ఆపి నా వైపు చూశారు. నాకు ఎలా మొదలుపెట్టాలో తెలియక, నేరుగా అడిగేశాను. "ఆ పద్నాలుగు అంకె మీరు కొట్టినట్టు మీకు గుర్తుందా?"

 ఆవిడ అక్కడున్న దుంగ మీద కూర్చుని, నన్నూ కూర్చోమని చెయ్యి చూపించారు.

"మొదటి ఏడంతా గుర్తులేదనే చెప్పాను. నేను కొట్టలేదనే చెప్పాను. దస్త్రంలో నీ పేరుంది కదా అన్నారు. రోజుకి పది అంకెలు కొడతావు, ఒకటి గుర్తులేదంటే ఎవరు నమ్ముతారన్నారు. నిజవే కదా. పదేళ్లు పోయాక నేనే కొట్టుంటాననుకున్నాను. ఇప్పుడైతే కొట్టినట్టే గుర్తొస్తాది. ఇదిగో, ఈ వేలితో నాలుగు నొక్కినట్టు కూడా కనపడతాది నాకు."

"ఇక్కడే ఎందుకుంటున్నారండి? ఈ పేటలో?"

"ఎక్కడికెళ్తానమ్మా? ఎక్కడికెళ్లినా ఇక్కడ పోయినోళ్లు పోయినోళ్లే కదా. కళ్లెదుట ఉంటే నాలుగు తిట్లయినా తిడతారు, వాళ్ల గుండె బరువు దిగుద్ది అనుకున్నాను. తిట్టలేదు. మాటాడటవే మానేశారు."

నేను హెచ్చరిక గురించి అడిగాను. ఆవిడ ముఖం మారిపోయింది.

"అది మాత్రం అడక్కు."

"మీరే రాశారు కదండీ?"

"రాశానని చెప్పాను విచారణలో. వెతికారు. శ్రావణంలో నా పేరు మీద అలాంటిది లేదన్నారు. అచ్చంగా అదే మాట భాద్రపదంలో గున్నేశ్వరరావు పేరు మీద కనపడింది. తప్పు చేసిందే కాకుండా పక్కోడి రాత తనదని చెప్పుకుంటోంది, ఈవిడికి సిగ్గులేదన్నారు. మా అమ్మ ఆ మాటకే మంచం పట్టిందమ్మా. అంకె తప్పు కొట్టినందుకు కాదు."

తెచ్చిన కాగితం ఆవిడ చేతికిచ్చాను. రెండు తిథులూ, రెండు పేర్లూ, కింద డ్యూటీ పుస్తకం పేజీ. అధికమాసం సంగతి చెప్పాను. నేను సగం చెప్పేలోపే ఆవిడకి అర్థమైపోయింది. ఈ ప్రోగ్రాంలో సగం రాసిన మనిషి కదా.

సంతోషిస్తారనుకున్నాను. ఆవిడ కాగితం మడిచి నాకే తిరిగిచ్చారు. 

"ముప్పై మూడేళ్లు నా మీద నేనే అబద్ధం చెప్పుకున్నానన్నమాట" అన్నారు. తర్వాత "ఈ సంగతి ఆయనకి చెప్పావా?" అని అడిగారు.

లేదన్నాను.

"ముందు ఆయనకి చెప్పు. వెనకనించి చెయ్యకు."

ఆషాఢ శుద్ధ త్రయోదశి

చెప్పాను.

గున్నేశ్వరరావుగారు కాగితాలు కళ్లజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివారు. డ్యూటీ పుస్తకం తెప్పించుకుని వేలితో పేజీలు లెక్కపెట్టారు. ఆయన తప్పు పట్టుకుంటారేమోనని ఆశపడ్డాను. నా లెక్క తప్పితే బాగుండునని నిజంగా అనుకున్నాను. ఈయన నాకు పని నేర్పిన మనిషి. మా అమ్మకి జబ్బు చేసినప్పుడు నలభై రోజులు నా డ్యూటీ కూడా తనే చూశారు.

"సరిగ్గానే ఉంది" అన్నారు.

"మీకు తెలియదు కదండీ. తొందర్లో జరిగిన పొరపాటు. ఆ పద్నాలుగు మీరని మీకెలా తెలుస్తుంది?"

"పద్నాలుగు సంగతి తెలీదమ్మా. దేవుడి మీద ఒట్టు. ఆవిడే అనుకున్నాను."

 కిటికీలోంచి ఏడో తూము కనిపిస్తుంది. అటు చూడకుండా కాగితం వైపే చూస్తున్నారు.

"హెచ్చరిక నేను రాయలేదని తెలుసు" అన్నారు.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"విచారణలో చదివి వినిపించారు. అదేంటి, ఇది నాది కాదే అనుకున్నాను. చెబుదామనే లేచాను. అప్పటికే ఒకాయన నా భుజం తట్టాడు. నువ్వన్నా చూశావురా అన్నాడు. మరిడమ్మ నావైపే చూస్తోంది. చెప్పేస్తే, మరి డ్యూటీలోకి రాగానే ఎందుకు చదవలేదని అడుగుతారు కదా. నిజంగానే చదవలేదు రత్నం. ఆ నెల మా చిన్నది పుట్టింది. దస్త్రంలో పాత మాటలు ఎవరు చదువుతారులే అనుకున్నాను."

"తర్వాతైనా..."

"తర్వాత ఎప్పుడు? వారం పోయాక? ఏడాది పోయాక? ప్రతి ఏడూ కిందటేటి కన్నా కష్టమైపోయింది."

నేను అడగాల్సింది ఒక్కటే మిగిలింది. "సరిచేసిన పేర్లతో చేర్చమంటారా? ముద్రకి మీ సంతకం కావాలండి."

"రెండు రోజులు టైమివ్వు" అన్నారు.

ఆషాఢ పౌర్ణమి

పోటు గట్టు అంచుకి అడుగున్నర దాకా వచ్చింది. మూడో తూము దగ్గర తుక్కు అడ్డం పడితే తూముల దగ్గర పనిచేసే లస్కర్లు కర్రలతో తోశారు. పన్నెండూ మూసుకున్నాయి.

ఆయన కచేరీకి రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది.

పాత పేర్లతో అప్పటికే చేరిన 418ని వెనక్కి తీసేశాను. అవి పక్కన పెట్టి మిగతావి చేరుస్తానంటే కొత్త దస్త్రం ఒప్పుకోదు. వరసలో ముందుది చేరితేనే తర్వాతిదానికి ముద్ర పడుతుంది. అక్కడే ఆగి ఉన్నాను. ఇంకా ముప్పై తొమ్మిదివేలు చేరాలి.

ఆషాఢ బహుళ షష్ఠి

మూడో డిస్కు కూడా ఆగిపోయింది. ఇక ఒక్కటే తిరుగుతోంది. చదివినంతవరకు రెండో చోట నకలు తీసి పెట్టాను.

గట్టు బాగోగులు చూసే సంఘం కార్యదర్శి లోవరాజుగారు వచ్చారు. ఎవరు చెప్పారో గానీ ఆయనకి అప్పటికే సంగతి తెలుసు.

"ఉన్నదున్నట్టు చేర్చేయమ్మా. ఇప్పుడీ తిథుల గొడవ ఎందుకు? నువ్వు చరిత్ర రాసేదానివి కాదు, ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి సర్దేదానివి."

"సర్దేటప్పుడు తప్పని తెలిసిందండి. తెలిసి చేరిస్తే ఇకమీదట ఆ తప్పు నాది."

"అమావాస్య తొమ్మిది రోజులుంది. ఈ డిస్కు కూడా పోతే ఊరు మునుగుద్ది. ఒక ముసలావిడ పేరు కోసం ఊరిని ముంచుతావా?"

 ఆయనన్నదాంట్లో నిజం ఉంది. ఇక్కడ ఆగి ఉండి డిస్కు పోతే, తూములు చేత్తో మూయాలి. పన్నెండు తలుపులకి మాకున్న లస్కర్లు ఎనిమిదిమంది.

"సరిచేసిన పేర్లతో ఇప్పుడే మొదలుపెడతానండి. ఏడు రోజుల్లో అయిపోతుంది. సూపరింటెండెంటుగారి సంతకం ఒక్కటే చాలు."

"ఆయన పెట్టడు. నేను మాట్లాడాను. పాత పేర్లతో నువ్వు చెయ్యనంటే ఆయన్నే కూర్చోబెట్టి చేయిస్తాను. నీకు పని నేర్పింది ఆయనే కదా."

ఆయన వెళ్లాక, సంతకం లేకుండానే సరిచేసిన పేర్లతో 418 చేర్చి ముందుకి కదిలాను. సంతకం చివర్లో. అప్పుడు సూపరింటెండెంటుగారు కాదంటే అంతా చెరిపి మళ్లీ చేర్చడానికి వేళ చాలదు. ఇది బలవంతం చేయడమేనని తెలుసు. రాసి పెడుతున్నాను.

ఆషాఢ బహుళ ఏకాదశి

55,900 దాటాయి. డిస్కు వేడెక్కకుండా పక్కన తడిగోనె కట్టి, ఫ్యాను పెట్టాను. రెండు పూటలా వంట మానేసి, లస్కర్ల పొయ్యి మీద వండిందే తింటున్నాను.

మధ్యాహ్నం గున్నేశ్వరరావుగారు వచ్చారు. పదమూడు రోజుల్లో పదేళ్లు పెద్దయినట్టున్నారు. గడ్డం మాసి ఉంది. నన్ను లేవమని తను కన్సోల్ దగ్గర కూర్చున్నారు. లోవరాజుగారి మాట గుర్తొచ్చింది.

"చెరిపేస్తున్నారా?" అన్నాను.

ఆయన పేర్ల పట్టిక తెరిచారు. ఫాల్గుణం ముప్పై ఏడూ చూశారు. 418 ఒక్కొక్కటీ చూశారు, మూడు గంటలు పట్టింది. ఒకచోట ఆగి, "ఇది ఆవిడ కాదు, నేనే. ఆవిడ ఆ రోజు సెలవు, నేను బదులు కూర్చున్నాను. పుస్తకంలో రాయలేదు" అని ఇంకొక మార్పుకి తన పేరు వేసుకున్నారు. దానివల్ల ఆయనకి ఒరిగేదేమీ లేదు. అది కూడా ఒక చిన్న తప్పే. దాని తర్వాతివన్నీ ఆ మార్పు నుంచి మళ్లీ ముద్ర వేయాల్సొచ్చింది. యంత్రం వాటిని చదివేసే ఉంది కాబట్టి నలభై నిమిషాల్లో అయిపోయింది.

"ఇంతకాలం చెప్పకుండా ఉండి ఇప్పుడెందుకు సార్?" అని అడిగాను. అడగకూడదేమో.

"కార్యదర్శి వచ్చి, పాత పేర్లే వేసెయ్, నీ పరువు మేం చూసుకుంటాం అన్నాడు. విచారణలో ఒకాయన తట్టినట్టే ఈయనా భుజం తట్టాడు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రెండోసారి తట్టించుకోలేకపోయానమ్మా."

ఆషాఢ బహుళ చతుర్దశి

61,208 చేరాయి. ఉదయం పదింటికి గున్నేశ్వరరావుగారు సంతకం పెట్టారు. ముద్రలు ఖాయమయ్యాయి. వెంటనే రెండో కాగితం తీసి రాజీనామా రాసి లోవరాజుగారికి పంపారు. సాయంత్రం పోటు అయ్యాక పాత యంత్రం నేనే ఆపాను.

లోవరాజుగారు వచ్చి నా మీద కేకలేశారు. ఇంకేం చేయలేక, విచారణ మళ్లీ తెరుస్తామని చెప్పి వెళ్లిపోయారు. తెరవనివ్వండి.

ఆషాఢ అమావాస్య

పెద్ద పోటు ఉదయం అయిదూ నలభైకి. తూర్పుగాలి ఉంది. ప్రోగ్రాం కొత్త దస్త్రం మీద నడవడం ఇదే మొదటిసారి.

ఏడో తూము నాలుగూ యాభై తొమ్మిదికి కదిలింది. అయిదూ పంతొమ్మిదికి పూర్తిగా మూసుకుంది. నీరు గట్టు అంచుకి తొమ్మిది అంగుళాల దాకా వచ్చి ఆగింది. ఊళ్లోకి చుక్క రాలేదు.

లస్కర్లు టీ పెట్టారు. గున్నేశ్వరరావుగారు మాతోపాటే గట్టు మీద నిలబడ్డారు గానీ టీ తాగలేదు. తెల్లారాక, "దిగువపేట వెళ్లాలి. తోడు వస్తావా?" అని నన్ను అడిగారు. ఒక్కణ్ణీ వెళ్లలేనని ఆయన అనలేదు. నాకే అర్థమైంది. పోటు తర్వాత తూములు తెరిచే పని ఉంది కాబట్టి రేపు వస్తానన్నాను.

శ్రావణ శుద్ధ పాడ్యమి

తొమ్మిదింటికి వెళ్లాం. మరిడమ్మగారు నాచు మూటలు కడుతున్నారు. ఈయన్ని చూసి లేచి నిలబడ్డారు. ముప్పై మూడేళ్లలో వాళ్లిద్దరూ ఎదురుపడటం ఇదే మొదటిసారట. ఇంత చిన్న ఊళ్లో అది కుదరాలంటే ఇద్దరూ ఎంత జాగ్రత్త పడి ఉండాలి!

ఆయన నిలబడే చెప్పారు. అంకె కొట్టింది తనని, హెచ్చరిక ఆవిడదని, అది తనది కాదని ఆ రోజే తెలుసని, చెప్పలేదని. మధ్యలో ఎక్కడా క్షమించమనలేదు.

ఆవిడ అంతా విన్నారు.

"అంకె సంగతి వదిలెయ్. ఎవరి చెయ్యయినా తప్పుద్ది" అన్నారు. "ఆ వేళ నేను నీ వంకే చూశాను గున్నేశ్వరరావూ. నువ్వు లేచావు. ఇదిగో చెబుతాడు అనుకున్నాను. మళ్లీ కూర్చున్నావు."

"కూర్చున్నాను" అన్నారాయన.

"నాకు చెప్పి ఏం లాభం? నాకు రత్నం చెప్పింది. ఆ తొమ్మిది ఇళ్లకీ చెప్పు. నేనూ వస్తాను. నా కళ్లముందు చెప్పు."

మొదటి ఇల్లు సత్తెమ్మది. యాభై ఏళ్లుంటాయి. పోటులో వాళ్ల నాన్న పోయాడు. అప్పుడామెకి పదిహేడేళ్లు. వాకిట్లో చేప శుభ్రం చేస్తూ, మా ముగ్గుర్నీ చూసి కత్తిపీట ముందు అలాగే ఉండిపోయింది.

ఆయన గుమ్మం బయటే నిలబడి, మరిడమ్మగారికి చెప్పిందే మళ్లీ చెప్పారు. ఒకచోట ఆగారు. నీళ్లు కావాలా అని ఎవరూ అడగలేదు. ఆయనే మళ్లీ మొదలుపెట్టారు. అయిపోయాక సత్తెమ్మ ఒక్క మాటే అడిగింది.

"మా నాన్న పేరు తెలుసా నీకు?"

"పోలిశెట్టి" అన్నారాయన. "అందరి పేర్లూ తెలుసు."

ఆమె తల పంకించి, ఆయన వైపు చూడటం మానేసింది. చేతులు కడుక్కుంది. పైటకొంగుతో తుడుచుకుంటూ మరిడమ్మగారి దగ్గరకొచ్చి నిలబడింది. గుమ్మం చెక్క గోటితో గోకింది. 

"పిన్నీ, అన్నం తిన్నావా?"

మరిడమ్మగారు లేదన్నట్టు తలూపారు. సత్తెమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

మేమిద్దరం వాకిట్లో మిగిలాం. లోపల కంచం పెట్టిన చప్పుడు వినిపించింది. గున్నేశ్వరరావుగారు కాసేపు అక్కడే నిలబడ్డారు. పదకొండూ పదికి నీరు తీస్తుంది, తూములు తెరవాలని గుర్తుచేశాను.

"నువ్వెళ్లి తెరువు" అన్నారు. చెప్పులు సరిచేసుకుని, రెండో ఇంటి వైపు ఒక్కరే నడిచారు.

పదకొండూ పదికి పన్నెండు తూములూ తెరుచుకున్నాయి.